ఆ కవిని చంపింది కాలేయం కాదు, నెమ్ము

బాగా తాగే మనిషి చనిపోయాడని వింటే మీకు ముందు ఏం గుర్తొస్తుంది? కామెర్లు, ఉబ్బిన పొట్ట, చెడిపోయిన కాలేయం. ఎవరినడిగినా ఇదే చెబుతారు. 1953 నవంబరులో డిలన్ థామస్ అనే కవి న్యూయార్క్‌లో కన్నుమూసినప్పుడు కూడా అందరూ తాగి తాగి పోయాడనే అనుకున్నారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ మాటే నడుస్తోంది. శవపరీక్షలో తేలింది మాత్రం వేరు. అతని ప్రాణం తీసింది న్యుమోనియా. మన ఇళ్లలో నెమ్ము చేసిందంటామే, దాని ముదిరిన రూపం.

డిలన్ పేరు మీరు వినకపోయినా ‘ఇంటర్‌స్టెల్లార్’ సినిమా చూసి ఉంటే అతని కవిత చెవిన పడే ఉంటుంది. అందులో ముసలి ప్రొఫెసర్ గంభీరంగా చదివేది ఇతను రాసిందే. చూపూ ఆరోగ్యమూ సన్నగిల్లుతున్న తండ్రిని ఉద్దేశించి రాశాడు.

1914 అక్టోబరు 27న వేల్స్‌లోని స్వాన్సీ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి స్కూల్లో ఇంగ్లిష్ మాస్టారు. పిల్లవాడికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం, బ్రాంకైటిస్. చలికాలం వస్తే దగ్గు, పిల్లికూతలు. అలాంటి పిల్లల్ని అమ్మలు ఎలా చూసుకుంటారో మీకు తెలుసుగా, డిలన్ తల్లీ అంతే. చదువు మీద మనసు లేక 16 ఏళ్లకే బడి మానేసి స్థానిక పత్రికలో రిపోర్టరుగా చేరాడు. 20 ఏళ్లకు మొదటి కవితల పుస్తకం వచ్చింది. ఆ వయసుకే సిగరెట్టూ, పబ్బులో బీరు గ్లాసూ అలవాటైపోయాయి. 1940లో యుద్ధానికి పిలుపు వస్తే ఊపిరితిత్తుల బలహీనత కారణంగా సైన్యంలోకి తీసుకోలేదు. ఊపిరి సమస్య అప్పటికే ఉందన్నమాట.

అతని బతుకుతెరువు మాత్రం ఆ ఊపిరి మీదే నడిచింది. కవిత్వంతో ఇల్లు గడవదు. బీబీసీ రేడియోలో చదివితే డబ్బులొచ్చేవి. గొంతు అలాంటిది, బరువుగా, మోగుతున్నట్టు ఉండేది. భార్య కేట్లిన్, ముగ్గురు పిల్లలు, ఎప్పుడూ తీరని అప్పులు. 1949 నుంచి లార్న్ అనే పల్లెలో నీళ్ల ఒడ్డున ఉన్న ఇంట్లో కాపురం. 1950లో అమెరికా నుంచి పిలుపొచ్చింది. ఊరూరా తిరిగి సభల్లో కవితలు చదివితే పారితోషికం. సభలు కిక్కిరిసేవి. సభ అయ్యాక విందు, విందులో విస్కీ. నాలుగేళ్లలో నాలుగుసార్లు వెళ్లాడు. నాలుగోసారి, 1953 అక్టోబరు 20న న్యూయార్క్‌లో దిగేటప్పటికే ఆయాసం. ఇన్‌హేలర్ వాడుతున్నాడు.

గాలి గదుల్లో కాపలా

ఇక్కడ కాసేపు ఆగి అతని ఛాతీ లోపలికి చూద్దాం. అతని ఛాతీ అనేమిటి, మీదీ నాదీ కూడా అలాగే ఉంటుంది.

మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా చిన్న చిన్న గాలి గదులుంటాయి. పీల్చిన గాలితో పాటు దుమ్మూ, సూక్ష్మక్రిములూ అక్కడిదాకా వచ్చేస్తాయి. అయినా మనకు రోజూ నెమ్ము చేయడం లేదంటే ఆ గదుల్లో తిరుగుతూ వచ్చినదాన్ని వచ్చినట్టు మింగేసే కణాలున్నాయి కాబట్టే. వీటిని మాక్రోఫేజ్‌లంటారు. క్రిముల్ని మింగే ఇలాంటి కణాల సంగతి బయటపెట్టిన రష్యా శాస్త్రవేత్త మెచ్నికాఫ్‌కు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక బ్యాక్టీరియాను మింగడం చిన్న పనేం కాదు. కణం తన పొరను సాగదీయాలి, క్రిమిని చుట్టేయాలి, లోపలికి లాక్కుని రసాయనాలతో చంపాలి. అన్నిటికీ శక్తి కావాలి. ఆ శక్తి ఎక్కువగా మైటోకాండ్రియాల్లో తయారవుతుంది. ఆక్సిజన్ సాయంతో ఒక గ్లూకోజు అణువును పూర్తిగా మండిస్తే సుమారు 30 ఏటీపీలు, అంటే శక్తి నాణేలు వస్తాయి. మైటోకాండ్రియా వరకూ పోకుండా గ్లూకోజును పైపైన విరగ్గొట్టి వదిలేస్తే వచ్చేవి నికరంగా రెండే. పైగా గాలి గదుల్లోని తేమలో చక్కెర తక్కువ. అందుకే అక్కడి కాపలా కణాలు మామూలుగా మైటోకాండ్రియాలనే నమ్ముకుంటాయి.

మరి మద్యం తాగేది నోటితో కదా, ఊపిరితిత్తులకేం సంబంధం అంటారా? పోలీసులు రోడ్డు మీద ఆపి గొట్టంలోకి ఊదమనేది ఎందుకనుకుంటున్నారు? రక్తంలో కలిసిన మద్యం గాలి గదుల దగ్గర ఊపిరిలోకి వచ్చేస్తుంది. రోజూ తాగే వాళ్లలో ఆ కాపలా కణాలు రోజూ మద్యంలో నానుతున్నట్టే.

అలా నానితే ఏమవుతుందో అమెరికాలో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొన్నేళ్లుగా పరిశీలిస్తున్నారు. ఎలుకలకు వారాల తరబడి మద్యం ఇచ్చి, వాటి ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌లను చూశారు. కణాలకు హాని చేసే ఆక్సిజన్ రాడికల్స్ పెరిగాయి. మైటోకాండ్రియాల పని మందగించింది. ఆ లోటు పూడ్చుకోవడానికి కణాలు చౌకరకం దారి పట్టి గ్లూకోజును పైపైన విరగ్గొట్టడం మొదలుపెట్టాయి. ముఖ్యంగా ఆక్సిజన్ కరవైనప్పుడు పనిచేసే హిఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్ ఈ మార్పులో కీలకంగా కనిపించింది. సన్నసెగ మీద నిలకడగా మండే గ్యాస్ పొయ్యి వదిలేసి గుప్పెళ్లతో ఎండుటాకులు తగలబెట్టినట్టు అనుకోండి. మంట భగ్గుమంటుంది, అన్నం మాత్రం ఉడకదు. ఆ కణాలు బ్యాక్టీరియాను మింగడమూ తగ్గిపోయింది. మద్యానికి బానిసలైన మనుషుల ఊపిరితిత్తుల నుంచి తీసిన కణాల్లోనూ ఆక్సీకరణ ఒత్తిడి కనిపించింది. వాళ్ల గాలి గదుల తేమలో గ్లూటాథయాన్ అనే రక్షక పదార్థం కూడా తగ్గి ఉంటోంది.

షుగరుకు వాడే పయోగ్లిటజోన్ మందుతో ఎలుకల్లో ఈ కణాలు కొంత కోలుకున్నాయి. అది ఎలుకల్లో. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాత్ర వేసుకుంటుంటే అది తాగేవాళ్ల ఊపిరితిత్తులకు కవచమని దయచేసి అనుకోకండి.

ఇవి కాక ఇంకో సంగతి. మత్తులో దగ్గు సరిగా రాదు. నోటిలోని లాలాజలం, కక్కినది ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. ముంగిట తలుపు తెరిచి ఉంటుంది, లోపల కాపలావాడు నీరసించి ఉంటాడు. సిగరెట్టు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది.

ఆఖరి వారం

న్యూయార్క్‌లో డిలన్ తన ‘అండర్ మిల్క్ వుడ్’ నాటకం రిహార్సల్స్‌లో ఉన్నాడు. ఒంట్లో బాగా లేదు. అక్టోబరు 27న 39వ పుట్టినరోజు విందు నుంచి మధ్యలోనే లేచి వచ్చేశాడు. చూస్తున్న డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే కాస్త తేరుకున్నట్టు కనిపించేవాడు. నవంబరు 4 తెల్లవారుజామున వైట్ హార్స్ అనే బారుకు వెళ్లొచ్చి, వరసగా 18 విస్కీలు తాగానని గొప్పగా చెప్పాడట. లోకానికి గుర్తుండిపోయింది ఈ అంకె ఒక్కటే. అందులో సగానికి మించి తాగి ఉండడని ఆ బారు వాళ్లే తరువాత చెప్పారు. మనకు కథలంటే ఇష్టం మరి, ఎక్స్‌రేలంటే అంత ఇష్టం ఉండదు.

ఆ రోజంతా వాంతులు, నీరసం, ఊపిరాడకపోవడం. సాయంత్రానికి లేనివి కనిపిస్తున్నాయన్నాడు. డాక్టరు మూడుసార్లు వచ్చాడు. అన్నిటినీ తాగుడు ఖాతాలోనే వేశారు. చివరికి నిద్రపట్టడానికి మార్ఫిన్ ఇచ్చారు, అదీ మామూలు మోతాదుకన్నా బాగా ఎక్కువ. ఊపిరి సరిగా అందని మనిషికి మార్ఫిన్ ఆ ఉన్న శ్వాసనూ అణచివేస్తుంది. అర్ధరాత్రి ముఖం నీలంగా మారింది. నవంబరు 5 తెల్లవారుజామున రెండు గంటలప్పుడు సెయింట్ విన్సెంట్స్ ఆస్పత్రికి చేరేసరికి కోమాలో ఉన్నాడు. అక్కడ ఛాతీ ఎక్స్‌రే తీస్తే న్యుమోనియా కనిపించింది. 9వ తేదీ మధ్యాహ్నం ప్రాణం పోయింది. శవపరీక్ష నివేదికలో ప్రధాన కారణం న్యుమోనియా. దానితో పాటు మెదడు వాపు, కాలేయానికి కొవ్వు. తాగుబోతులకు వస్తుందని మనం భయపడే సిర్రోసిస్ మాత్రం లేదు.

అలాగని మద్యం నిర్దోషి అనడం లేదు. కాపలా కణాలను నీరసపరిచిన వాటిలో అదీ ఒకటై ఉంటుందని ఇప్పటి పరిశోధనలు చూస్తే అనిపిస్తుంది. నాకు కష్టం కలిగించేది రెండో సంగతి. 1953 నాటికి పెన్సిలిన్ ఉంది. ఛాతీని ముందే శ్రద్ధగా చూసి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. తాగేవాడన్న పేరు ఉండటంతో జబ్బు లక్షణాలన్నీ మత్తు లక్షణాల్లాగే కనిపించాయి.

ఇది న్యూయార్క్‌లోనే జరుగుతుందా? మన ఇళ్లలో ఆయన తాగి పడుకున్నాడు, పొద్దున్నకి దిగిపోతుందిలే అని ఎన్నిసార్లు అనుకుని ఉంటాం! తాగే మనిషికి దగ్గు పెరిగినా, కఫం రంగు మారినా, పక్కటెముకల దగ్గర పోటు వచ్చినా హ్యాంగోవర్ అని వదిలేయకండి. జ్వరం తప్పనిసరిగా రావాలనేం లేదు. నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది అత్యవసరం. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఇంట్లోనే ఉంటుంది కదా, వేలికి పెట్టి చూడండి. 94 కంటే తక్కువుంటే ఆలస్యం చేయొద్దు. నిద్రమాత్రలు సొంతంగా అసలే ఇవ్వొద్దు. లివర్ పరీక్ష మామూలుగా వచ్చిందని ధీమా పడేవాళ్లూ ఉన్నారు. ఆ పరీక్ష ఊపిరితిత్తుల గురించి ఏమీ చెప్పదు.

డాక్టరు దగ్గర రోజుకు ఎంత తాగుతాడో ఉన్నదున్నట్టు చెప్పండి. అతను సిగ్గుపడి సగానికి తగ్గిస్తే పక్కన కూర్చున్న మీరు సరిదిద్దండి. రోజూ ఎక్కువగా తాగే మనిషికి ఆస్పత్రిలో ఒక్కసారిగా మందు ఆగిపోతే వణుకు, ఫిట్స్ రావచ్చు. ఆ సంగతి వాళ్లకు ముందే తెలియాలి. మానేయాలన్నా వైద్యుల పర్యవేక్షణలోనే మేలు. న్యుమోకాకల్ టీకా, ఏటా ఫ్లూ టీకా అవసరమేమో కూడా అడగండి. బాగా తాగేవాళ్లను న్యుమోనియా ముప్పు ఎక్కువున్న వాళ్ల జాబితాలోనే చేర్చారు.

డిలన్ శవపేటికను ఓడలో స్వదేశానికి తెచ్చి నవంబరు 24న లార్న్‌లో ఖననం చేశారు. కేట్లిన్ కూడా అతనితో పాటు తాగిన మనిషే. తరువాత ఇటలీ వెళ్లిపోయి అక్కడే స్థిరపడింది, కొన్నేళ్లకు మందు మానేసింది. 80 ఏళ్లు బతికి 1994లో పోయింది. ఆమెనూ తెచ్చి అదే సమాధిలో ఉంచారు. పైన తెల్ల రంగు వేసిన చెక్క శిలువ ఒకటి ఉంటుంది. ఒక వైపు అతని పేరు, వెనక వైపు ఆమె పేరు.