పూసలతో తోట పూయించిన మిరియం

నగ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది తూకం. ఎన్ని తులాలు, తరుగెంత, మజూరీ ఎంత... ఇవన్నీ అడిగాకే డిజైను సంగతి. అవసరమొస్తే తాకట్టు పెడితే ఎంతొస్తుందన్న లెక్క కూడా మనసులో ఓ మూల ఉండనే ఉంటుంది. అలాంటిది బంగారం, వజ్రం ఊసే లేకుండా గాజు పూసలు, కృత్రిమ ముత్యాలు, ఇత్తడి తీగలతో చేసిన నగలను అమెరికాలో కోటీశ్వరుల ఇళ్ల ఆడవాళ్లూ సినిమా తారలూ ముచ్చటపడి కొన్నారంటే నమ్మబుద్ధి కాదు కదూ! అలా కొనిపించిన మహిళ పేరు మిరియం హాస్కెల్. ఆమె పోయి నలభై ఏళ్లు దాటిపోయింది. అయినా ఆ పేరున్న నగల్ని పాత నగలు సేకరించేవాళ్లు ఇప్పటికీ వెతికి వెతికి కొనుక్కుంటూనే ఉన్నారు.

వాటిలో అంత ఏముంది? ఓ తోట ఉంది. రేకులు విప్పిన పూలు, ఇంకా విచ్చుకోని మొగ్గలు, ఆకులు, అల్లుకున్న తీగలు, వాటి మధ్య వాలిన సీతాకోకచిలుకలు... అన్నీ పూసలే! అదీ ఒక్కో పూసా చేత్తో గుచ్చి, చేత్తో మెలిపెట్టి కట్టినవి.

బట్టల కొట్టు వారమ్మాయి

మిరియం 1899 జులై 1న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డునున్న టెల్ సిటీ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తల్లిదండ్రులు సైమన్, రెబెకా రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. న్యూ ఆల్బనీ అనే ఊళ్లో వాళ్లకు బట్టల కొట్టు ఉండేది. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుంది, కొట్టుకొచ్చిన ఆడవాళ్ల చూపు ఎక్కడ ఆగుతుంది, ఏం చూపిస్తే చేయి చాస్తారు... వ్యాపారం చేసే ఇంట్లో పెరిగే పిల్లలకు ఇలాంటివి ఒకరు కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. చూస్తూ చూస్తూ అవే వచ్చేస్తాయి.

హైస్కూలు చదువు తర్వాత ఆమె షికాగో యూనివర్సిటీలో చేరి కొన్నేళ్లు చదివింది. 1924లో న్యూయార్క్ చేరింది. అప్పటికామెకు పాతికేళ్లు. చేతిలో ఉన్నది 500 డాలర్లు. అమెరికాలో ఆడవాళ్లకు ఓటు హక్కునిచ్చిన రాజ్యాంగ సవరణ వచ్చింది 1920లో. అంటే అప్పటికి నాలుగేళ్లే! ఇక బ్యాంకు అప్పంటారా, భర్తో తండ్రో సంతకం పెడితేగానీ ఇవ్వమని ఆడవాళ్లను తిప్పి పంపే రోజులవి. అలా చేయడం కుదరదని అక్కడ చట్టం వచ్చింది 1974లో. కాబట్టి ఆ 500 డాలర్లే ఆమెకు పెట్టుబడి, ధైర్యం, అన్నీ.

హోటల్లో చిన్న దుకాణం

1926లో మిరియం మెకాల్పిన్ హోటల్లో చిన్న నగల దుకాణం తెరిచింది. 1912లో కట్టిన ఆ హోటల్ న్యూయార్క్ నడిబొడ్డున హెరాల్డ్ స్క్వేర్‌లో ఉండేది. ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ల కోసం అందులో ప్రత్యేకంగా ఓ అంతస్తే ఉండేదట. అలాంటి చోట ఆడవాళ్ల నగల కొట్టు పెట్టడం ఎంత తెలివైన పనో చూడండి. ఏడాది తిరిగేలోపే వెస్ట్ 57వ వీధిలో రెండో దుకాణం కూడా వెలిసింది.

కాలం కూడా కలిసొచ్చింది. అంతకుముందు పెద్దింటి ఆడవాళ్లు గిల్టు నగ పెట్టుకోవడమంటే తలవంపుగా భావించేవారు. పారిస్‌లో కోకో షనెల్ ఆ మాటను కొట్టిపారేసింది. అసలు రాళ్లనూ నకిలీ ముత్యాలనూ కలిపి తానే పెట్టుకు తిరిగింది. నగ అంటే ఆస్తి కాదు, వేసుకున్న బట్టకు తగిన అలంకారం అన్న మాట నెమ్మదిగా అమెరికాకూ పాకింది. ఆ గాలి ఎటు వీస్తోందో మిరియం ముందే పసిగట్టింది.

అదే సంవత్సరం ఆమెకు దొరికిన మనిషి ఫ్రాంక్ హెస్. మేసీస్ అనే పెద్ద దుకాణంలో అద్దాల షోకేసులు అలంకరించే ఉద్యోగి అతను. ఏ వస్తువును ఎలా పెడితే దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారో అతనికి బాగా తెలుసు. అతణ్ణి నగల డిజైనింగ్‌లో పెట్టింది మిరియం. ఆమె కంపెనీలో ఉన్నంతకాలం ఇద్దరూ కలిసే పనిచేశారు.

సీతాకోకచిలుక ఎలా తయారయ్యేది?

హాస్కెల్ నగ ప్రత్యేకతంతా దాని కట్టుబడిలోనే ఉంది. ముందు జల్లెడలా సన్నసన్నని బెజ్జాలున్న ఇత్తడి జాలీ బిళ్ల తీసుకుంటారు. బంగారు పూత పూసినా తళతళలాడదు. అమ్మమ్మల నాటి నగలా కాస్త మసకగా, నెమ్మదిగా మెరుస్తుంది. దీన్ని రష్యన్ గోల్డ్ అని పిలిచేవారు. ఆ బిళ్లే ఈ తోటకు నేల అన్నమాట.

తర్వాత పూసల వంతు. వెంట్రుకంత సన్నని తీగకు ఆవగింజల్లాంటి చిట్టి పూసల్ని గుచ్చి, తీగను జాలీ బెజ్జంలోంచి వెనక్కి తీసి మెలిపెట్టాలి. మళ్లీ ముందుకు తేవాలి, మళ్లీ గుచ్చాలి. ఇలా రేకు మీద రేకు, వరస మీద వరస. సీతాకోకచిలుక రెక్క అంచున చిట్టి ముత్యాలు, మధ్యలో రంగు గాజు పూసలు, అక్కడక్కడ గిన్నెలాంటి చిన్న లోహపు అమరికలో కూర్చిన మెరిసే రాళ్లు వచ్చేవి. పనంతా అయ్యాక వెనక కనిపించే తీగల చిక్కును దాచడానికి ఇంకో జాలీ బిళ్ల అమర్చేవారు. అందుకే హాస్కెల్ నగను తిప్పి చూసినా ముందువైపంత శుభ్రంగా ఉంటుంది. మా అమ్మమ్మలు కుట్టుపని ఎలా ఉందో తెలుసుకోవాలంటే బట్ట తిరగేసి చూడమనేవారు. ఇక్కడా అదే కొలత.

జిగురుతో అంటిస్తే పని చిటికెలో అయిపోతుంది. కానీ జిగురు ఎండితే రాయి ఊడుతుంది. తీగతో కట్టింది ఏళ్లు గడిచినా నిలుస్తుంది. ఓ పెద్ద నగకు రోజుల తరబడి పనిపట్టేది. పెట్టిన ఖరీదంతా లోహానికి కాదు, ఆ ఓపికకే!

పూసల్ని ఎంచుకోవడంలోనూ రాజీ లేదు. ఇటలీలోని మురానో నుంచి గాజు, బొహీమియా నుంచి పూసలు, ఆస్ట్రియా నుంచి మెరుపు రాళ్లు, జపాన్ నుంచి కృత్రిమ ముత్యాలు తెప్పించేవారు. గాజు పూసకు చేప పొలుసుల్లోని మెరుపు పదార్థాన్ని పూతలు పూతలుగా వేస్తే ఇలాంటి ముత్యం తయారవుతుంది. నున్నగా గుండ్రంగా ఉన్నవే కావాలని పట్టుబట్టకుండా, వంకర టింకరగా ఉండే ముత్యాలను హాస్కెల్ నగల్లో ఎక్కువగా వాడారు. తోటలో ఏ రెండు మొగ్గలూ ఒకేలా ఉండవు కదా మరి!

కరువులోనూ తగ్గని గిరాకీ

1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి, ఉద్యోగాలు ఊడాయి. అలాంటి రోజుల్లో నగల వ్యాపారం ముందు దెబ్బతినాలి. ఇక్కడ తిరగబడింది. వజ్రాలు కొనే స్తోమత పోయినవాళ్లకూ, ఎప్పుడూ లేనివాళ్లకూ కూడా పూసల నగ అందుబాటులో కనిపించింది. 1930ల్లో కంపెనీ ఫిఫ్త్ ఎవెన్యూకు మారింది. శాక్స్ లాంటి పేరున్న దుకాణాల్లో హాస్కెల్ నగలకు విడిగా చోటు దొరికింది. మయామీలోనూ, సముద్రం దాటి లండన్‌లోనూ అమ్మకాలు సాగాయి.

సినీతార జోన్ క్రాఫర్డ్‌కు ఈ నగల మీద ఎంత మోజంటే, 1920ల నుంచి 1960ల దాకా వచ్చిన వాటిని సెట్లు సెట్లుగా కొనిపెట్టుకుంది. హాస్యనటి లూసిల్ బాల్ పెట్టుకుంది. బ్రిటన్ రాజు సింహాసనాన్నే వదులుకుని పెళ్లాడిన విండ్సర్ డచెస్ కూడా పెట్టుకుంది. అసలు వజ్రాలు పెట్టెల నిండా ఉన్న మనిషి పూసల నగ పెట్టుకుందంటే అది చవకని కాదుగా!

బల్లల ముందు కూర్చుని ఈ పని చేసినవాళ్లలో యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లు చాలామంది. ఇల్లూ ఊరూ వదిలి వచ్చినా, చేతిలో పనితనం ఉంటే కొత్త దేశంలో కూడు దొరుకుతుందని వలస కుటుంబంలో పుట్టిన మిరియంకు వేరే చెప్పాలా?

యుద్ధం తెచ్చిన చిక్కు

1938లో బొహీమియా పూసల కార్ఖానాలున్న ప్రాంతం హిట్లర్ చేతుల్లోకి పోయింది. ఆ తర్వాత ప్రపంచ యుద్ధం. జపాన్ ముత్యాలు ఆగిపోయాయి. లోహాలన్నీ ఆయుధాలకే. ఇంకొకరైతే దుకాణం కట్టేసేవారే. హాస్కెల్ కంపెనీ మాత్రం చెక్క, గింజలు, గవ్వలు, ప్లాస్టిక్ పూసలతో నగలు చేసింది. తోటను చూసి నగ చేసే కంపెనీకి తోటలో దొరికేవే ముడిసరుకయ్యాయన్నమాట!

వ్యాపారం నిలబడింది గానీ, మనిషి నిలబడలేకపోయింది. పాతికేళ్లు పరుగులు తీసిన మిరియం ఆరోగ్యం దెబ్బతింది, మనసూ చెదిరింది. 1950లో కంపెనీ ఆమె సోదరుడు జోసెఫ్ చేతికి వెళ్లింది. కొన్నేళ్లకే ఇంటివాళ్లను కూడా దాటి బయటివాళ్లకు పోయింది. ఇక్కడే ఓ చిత్రం జరిగింది. మిరియం నడిపినన్నాళ్లూ ఆ నగల వెనక చాలావరకు పేరే ఉండేది కాదు. మిరియం హాస్కెల్ అన్న ముద్ర క్రమం తప్పకుండా వేయడం సోదరుడి హయాంలో మొదలైంది. పేరు నగ మీదికి ఎక్కింది, మనిషి కంపెనీలోంచి వెళ్లిపోయింది!

ఆ తర్వాత ఆమె న్యూయార్క్‌లోనే సెంట్రల్ పార్క్ పక్కన ఓ అపార్ట్‌మెంట్‌లో వృద్ధురాలైన తల్లితో గడిపింది. చివరి రోజుల్లో సోదరుడి కొడుకో, సోదరి కొడుకో దగ్గరివాళ్లే చూసుకోవాల్సి వచ్చింది. 1977లో ఆమెను సిన్సినాటికి తీసుకెళ్లారు. 1981 జులై 14న, 82 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూసింది. ఒంటి జబ్బు గురించి నలుగురితో చెప్పుకున్నట్టు మనసు జబ్బు గురించి చెప్పుకునే రోజులు కావవి. ఇప్పటికీ మన ఇళ్లలో అది గుట్టుగానే ఉంటుంది. ఇంటినీ, పనినీ ఒంటి చేత్తో నెట్టుకొచ్చే ఆడవాళ్లు అలిసిపోయారని పక్కవాళ్లు గుర్తించేసరికే ఆలస్యమైపోతుంది.

ఇంతకీ ఎవరి తోట?

ఆ నగల్లో మిరియం స్వయంగా డిజైన్ చేసినవి ఎన్ని, ఫ్రాంక్ హెస్ చేసినవి ఎన్ని అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. చాలాకాలం హెస్ పేరు ఎక్కడా కనిపించలేదు. అది న్యాయం కాదు. అలాగని మిరియం ఊరికే పేరు పెట్టుకుందనుకోవడమూ న్యాయం కాదు. షోకేసులు సర్దే కుర్రాడిలో కళాకారుణ్ణి చూసింది ఆవిడ. ఏ పూస ఉండాలో, ఏది తీసెయ్యాలో చెప్పగల కన్ను ఆవిడది. సొమ్ము పోతే పోయేది కూడా ఆవిడ సొమ్మే. ఇక ఒక్కో పూసా కట్టిన చేతుల పేర్లు మనదాకా రానేలేదు. నగను తిరగేసి చూసినప్పుడు కనిపించే ఆ చక్కటి ముడులే వాళ్ల సంతకాలు.

ఈ రోజుల్లో ఇంట్లో కూర్చుని పూసల దండలు, చెవి కమ్మలు చేసి అమ్ముకుంటున్న అమ్మాయిలు ఎందరో ఉన్నారు. పూసల ఖరీదు చూసి వాళ్లతో బేరమాడే ముందు ఓసారి ఆ నగను తిరగేసి చూడండి. దానికి అసలు విలువ ఎక్కడుందో తెలుస్తుంది.