గ్రంథాలయదాత ఆండ్రూ కార్నెగీ

ధనము నార్జించినవారు లోకమున పెక్కురు గలరు. ఆర్జించినదానిని దానము చేసినవారు కొలదిమంది. ఆ దానము తన యనంతరమున ఎట్లు నిలువగలదో ముందుగా లెక్కగట్టి యిచ్చినవారు ఇంకను కొలదిమంది. అమెరికా దేశపు ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఈ మూడవ తరగతికి చెందినవాడు. ఆయన ద్రవ్యముతో ఆంగ్లభాష వాడుకలోనున్న దేశములందు 2,509 గ్రంథాలయ భవనములు వెలసినవి. అయినను ఆయన చరిత్రమును స్తుతిపాఠముగా చదువుట తగదు. జమయు ఖర్చును రెండును చూచినగాని నిల్వ యెంతో తేలదు.

కార్నెగీ 1835వ సంవత్సరము నవంబరు 25వ తేదీన స్కాట్లండు దేశమందలి డన్‌ఫర్మ్‌లిన్ పట్టణమున నొక చేనేతవాని యింట జన్మించెను. తండ్రి విలియం, తల్లి మార్గరెట్. అవిసెనార నూలుతో పూలు తేల్చి మేలిరకపు వస్త్రములు నేయుటకు ఆ పట్టణము ప్రసిద్ధి. అక్కడి నేతగాండ్రు పేదలేగాని చదువునందు ఆసక్తి గలవారు. విలియమును మరి నలుగురు నేతగాండ్రును తమకున్న కొద్ది పుస్తకములను ఒకచోట జేర్చి, ఇంటికి తీసికొనిపోయి చదువుకొను వీలు గల చిన్న గ్రంథాలయము నొకదానిని నెలకొల్పిరి. కుమారుడు కోటీశ్వరుడైన పిమ్మటను ఈ సంగతిని గర్వముతో చెప్పుకొనెడివాడు. అంగడి నడుపుకొను జార్జి లాడర్ అను బంధువు స్కాట్లండు చరిత్రమును, వీరగాథలను ఆ బాలునికి నోటిమాటగా నేర్పెను.

ఇంతలో ఆవిరి మగ్గములు వచ్చెను. మరమగ్గము వచ్చినచోట చేమగ్గమునకు కలుగు గతియే విలియం మగ్గమునకును కలిగెను. మగ్గములమ్మి, చాలని సొమ్ము అప్పు తెచ్చి, 1848లో ఆ కుటుంబము ఓడయెక్కి అమెరికాకు పోయెను. పెన్సిల్వేనియా రాష్ట్రమున పిట్స్‌బర్గు నగరము ప్రక్కనున్న అలిఘనీ పట్టణమున కాపురము పెట్టిరి. తండ్రి అక్కడను బట్ట నేసి యింటింటికి తిరిగి అమ్మజూచెను గాని జరుగుబాటు కాలేదు. తల్లి రాత్రులు దీపము ముందు కూర్చుండి చెప్పులు కుట్టి సంసారము నీడ్చెను. పండ్రెండేండ్లు నిండిన ఆండ్రూ నూలుమిల్లులో కండెలు మార్చు పనికి కుదిరెను. వారమునకు కూలి 1 డాలరు 20 సెంట్లు. చలికాలమున చీకటితో పోయి చీకటితో తిరిగివచ్చుట. పిమ్మట వేరొక కార్ఖానాలో నేలమాళిగయందలి ఆవిరియంత్రమును కనిపెట్టియుండు పని దొరకెను. కూలి 2 డాలర్లు. ఆవిరి యెక్కడ హెచ్చి యంత్రము పగులునోయను భయము ఆ బాలుని నిద్రలోనుగూడ వెంటాడెడిది.

ఆ యజమాని ఒకనాడు లెక్కలు వ్రాయుట కెవరును లేక బాలుని చేవ్రాత చూచి కొన్ని పద్దులు వ్రాయనిచ్చెను. ఆ యొక్క అవకాశము ఆండ్రూకు చాలెను. పెద్ద వర్తకశాలలందు ప్రతి పద్దును రెండుచోట్ల వ్రాసి సరిచూచు విధాన మొకటి కలదని విని, ముగ్గురు మిత్రులతో గూడి శీతకాలపు రాత్రులందు పిట్స్‌బర్గు పోయి ఒక ఉపాధ్యాయునివద్ద దానిని నేర్చుకొనెను. పగలెల్ల కూలిచేసినవాడు రాత్రి చదువుకొను వయోజన విద్యాపద్ధతికి ఆయన జీవితమే నిదర్శనమని చెప్పవచ్చును. 1849లో తంతి కార్యాలయమున వార్తలు అందించు పిల్లవాడుగా చేరి, యంత్రపు టకటక శబ్దము విన్నంతమాత్రమున వార్త గ్రహించు నేర్పు సంపాదించెను.

అలిఘనీలో కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అను పెద్దమనిషి యుండెను. ఇనుప వ్యాపారము చేసి విరమించినవాడు. ఆయన తన యింటనున్న దాదాపు 400 గ్రంథములను పనిచేయు పిల్లలకొరకు శనివారములందు తెరచియుంచెను. ఒక్కొక్క పిల్లవాడు ఒక పుస్తకము తీసికొనిపోయి మరుసటి శనివారము తిరిగి యిచ్చి వేరొకటి పొందవచ్చును. మెకాలే చరిత్రమును, బాన్‌క్రాఫ్టు వ్రాసిన అమెరికా చరిత్రమును, చార్లెస్ లాంబ్ వ్యాసములను ఆండ్రూ ఆ విధముగనే చదివెను. వారమంతయు శనివారముకొరకు ఎదురుచూచుటయే.

తరువాత ఆ గ్రంథాలయము పెద్దదై, నిర్వాహకులు మారిరి. వృత్తిపని నేర్చుకొనుటకు ఒప్పందముతో చేరిన పిల్లలకు మాత్రమే పుస్తకములు ఉచితమనియు, తక్కినవారు ఏటికి 2 డాలర్లు చెల్లింపవలెననియు నిబంధన చేసిరి. తంతి పిల్లవాండ్రు ఏ వృత్తికిని ఒప్పందపడినవారు కారు. పదునేడేండ్ల ఆండ్రూ 1853లో స్థానిక పత్రికకు తన పేరు వేయక, పనిచేయు బాలుడనని మాత్రము సంతకము చేసి లేఖ వ్రాసెను. దాత యుద్దేశము పనిచేయు బాలుర కందరికిని మేలుచేయుటయేగాని కొందరికి కాదని వాదించెను. ప్రత్యుత్తరములు నడచెను. తుదకు నిబంధన సడలెను. ఆయన జీవితమున గ్రంథాలయమునకై చేసిన మొదటి పోరాట మిది. అప్పుడాయన యిచ్చినది ధనము కాదు, అడిగినది హక్కు. ఆండర్సన్ ఉపకారమును ఆయన మరువలేదు. పిమ్మట అలిఘనీలో ఆ మహనీయుని పేర స్మారకచిహ్నము నిలిపెను.

1853లోనే పెన్సిల్వేనియా రైలు కంపెనీలో నెలకు 35 డాలర్ల జీతముపై చేరి, 1859 నాటికి పిట్స్‌బర్గు విభాగమున కధికారి యయ్యెను. ఒక టన్ను సరుకును ఒక మైలు లాగుటకు ఎంత వ్యయమగునో తెలియనివాడు రైలు నడుపలేడని అక్కడ నేర్చుకొనెను. 1865లో ఉద్యోగము మాని, ఇనుప వంతెనల నిర్మాణమునను, అటుపిమ్మట ఉక్కు పరిశ్రమయందును ప్రవేశించెను. కరగిన ఇనుములోనికి గాలి నూది మలినములను దహించు బెస్సిమర్ విధానమున ఉక్కు చేయు గొప్ప కర్మాగారము బ్రాడక్ అను చోట మొనాంగహీలా నదీతీరమున 1875లో పని ప్రారంభించెను.

ఆనాటి ఇనుప వర్తకులలో పలువురు సంవత్సరాంతమున లెక్క కట్టినగాని తమకు లాభమో నష్టమో ఎరుగరు. కార్నెగీ ఆ గ్రుడ్డితనమును సహింపలేదు. ఖనిజమునకెంత, బొగ్గునకెంత, కూలికెంత అని శాఖలవారీగా టన్నుకు పడు ఖర్చును వ్రాయించి, ఈ నెల పద్దును కడచిన నెల పద్దుతో పోల్చి, హెచ్చినచోట కారణ మడిగెడివాడు. కొలిమిలో వేయు ఖనిజమును పరీక్షించుటకు రసాయనశాస్త్రజ్ఞుని నియమించెను. మేలైన యంత్రము కనిపించినచో నిన్న కొన్నదానినైనను తీసివేయించెను. ఆ విధమున ఉక్కు వెల తగ్గెను; లాభము పెరిగెను.

కాని ఆ లెక్కల పుస్తకమున మనుష్యుని శ్రమయు బొగ్గువలెనే ఒక పద్దుగా నుండెను. బ్రాడక్ కర్మాగారమును నడపిన విలియం జోన్స్ అను సమర్థుడు, కొలిమివద్ద 12 గంటలు నిలిచినవాడు సరిగా పని చేయజాలడని చెప్పి, 8 గంటల వంతులు పెట్టించెను. అవి కొన్ని సంవత్సరములు నడచెను. పోటీదారులెవ్వరును అట్లు చేయుటలేదను కారణముతో, 1888లో జరిగిన వివాదము పిమ్మట మరల 12 గంటల వంతులే వచ్చెను. మరుసటి యేడు, 1889లో, అదే బ్రాడక్‌లో కార్మికులకొరకు కార్నెగీ గ్రంథాలయము తెరువబడెను. అమెరికాలో ఆయన తెరపించిన తొలి గ్రంథాలయ మదియే. చదువుకొనుటకు ఇల్లు కట్టిన చేతులే చదువుకొను ప్రొద్దును హరించినవి.

1886లో ఆయన పత్రికలో వ్రాసిన వ్యాసములందు కార్మికులకు సంఘముగా నేర్పడు హక్కు కలదని సమర్థించెను. 1892లో ఆ మాటకు పరీక్ష వచ్చెను. హోమ్‌స్టెడ్ కర్మాగారమున ఒప్పందపు గడువు తీరి, కూలి రేట్ల విషయమున సంఘమునకును యాజమాన్యమునకును పొసగలేదు. కార్నెగీ స్కాట్లండునకు పోయి యుండెను. వ్యవహారము హెన్రీ ఫ్రిక్ చేతులలో నుండెను. ఫ్రిక్ కర్మాగారము మూసి, కార్మికులను వెలుపల నిలిపెను. జూలై 6వ తేదీన 300 మంది అద్దె కాపలాదారులు పడవలపై నదిలో వచ్చిరి. కార్మికులు ఎదిరించిరి. తుపాకులు ప్రేలెను. ఉభయపక్షములందును ప్రాణములు పోయెను. అంతట రాష్ట్రపు సైన్యము దిగెను. నవంబరు నాటికి సమ్మె విఫలమై సంఘము కూలెను. కార్నెగీ దూరముననుండి ఫ్రిక్‌నే బలపరచెనుగాని వారింపలేదు. తన జీవితమున అంతగా నొప్పించిన సంఘటన మరియొకటి లేదని తరువాత స్వీయచరిత్రమునందు ఒప్పుకొనెను. అయినను పనిగంటలు తగ్గలేదు. పగటివంతు రాత్రివంతు మారు ఆదివారమున ఒక్కొక్కడు 24 గంటలు వరుసగా నిలువవలసియుండెను.

1898లో హోమ్‌స్టెడ్‌నందును గొప్ప గ్రంథాలయము వెలసెను. పుస్తకములే గాక సంగీతశాల, ఈతకొలను గూడ నందుండెను. పదేండ్ల పిమ్మట మార్గరెట్ బయింగ్టన్ అను విదుషీమణి ఆ పట్టణపు సంసారముల స్థితిని విచారించి 1910లో గ్రంథము ప్రకటించెను. పండ్రెండు గంటలు కొలిమియొద్ద నుండి వచ్చినవానికి గ్రంథాలయ మేల, ఆ సొమ్ము కూలిగా నిచ్చిన మేలుగదా యని కార్మికులు భావించినట్లు ఆమె తెలిపెను. కూలిలో కలిపి యిచ్చినచో చిల్లరఖర్చులలో కరగిపోవును, ఒక్కచోట జేర్చి యిచ్చినచో ఊరికెల్ల శాశ్వతముగ నుపకరించునని కార్నెగీ వాదము. అమెరికా ఉక్కు పరిశ్రమలో 12 గంటల పని 1923లోగాని తొలగలేదు. అప్పటికి ఆయన గతించి నాలుగేండ్లయ్యెను.

1901లో తన పరిశ్రమను 48 కోట్ల డాలర్లకు విక్రయించి, తన వంతు దాదాపు 22 కోట్ల 50 లక్షలు స్వీకరించి, ఆయన దానకార్యమునకు పూనుకొనెను. ధనవంతుడుగా చచ్చుట అవమానకరమని ఆయన 1889లోనే వ్రాసియుండెను. గ్రంథాలయ దానమున ఆయన పద్ధతి గమనింపదగినది. భవనము కోరు పట్టణము స్థలమును తానే యియ్యవలెను. అంతియేగాక, దానమెంతయో అందులో నూటికి 10 వంతులు ఏటేట పన్నులనుండి గ్రంథాలయమునకై ఖర్చుపెట్టుదుమని పురపాలక సంఘము తీర్మానింపవలెను. 10,000 డాలర్ల భవనము పొందినవారు ప్రతి సంవత్సరము 1,000 డాలర్లు పుస్తకములకు, జీతములకు, దీపములకు వ్యయింపవలెనన్నమాట. పుస్తకములను ఆయన యియ్యలేదు. జేమ్స్ బెర్‌ట్రం అను కార్యదర్శి ఒక్కొక్క దరఖాస్తును అక్షరమక్షరము పరిశీలించి, లెక్క కుదరనిదానిని త్రోసిపుచ్చెడివాడు.

ఇది లోభమని కొందరును, పేరు చెక్కించుకొను వేడుకయని కొందరును తలచిరి. హోమ్‌స్టెడ్ రక్తమును మరువలేక దానమును కాదన్న కార్మిక సంఘములును గలవు. డిట్రాయిట్ నగరము దాదాపు పదేండ్లు తర్జనభర్జనలు పడి 1910లోగాని అంగీకరింపలేదు. అయినను ఆ నిబంధనలోని మర్మము లోతైనది. ఉచితముగా వచ్చినదానిపై ఊరికి మమకార ముండదు. తమ పన్ను తాము చెల్లించి నిలుపుకొన్నది తమదగును. భవనము దాతది, గ్రంథాలయము ఊరిది.

1916లో ఆల్విన్ జాన్సన్ అను ఆచార్యుడు అనేక గ్రంథాలయములను స్వయముగా చూచి నివేదిక సమర్పించెను. కొన్ని ఊళ్లు మాట తప్పినవి. కొన్నిట భవనము ఘనముగానున్నను తగిన గ్రంథపాలకుడు లేడు. భవనములకన్న శిక్షణ పొందిన మనుష్యులు ముఖ్యమని ఆయన తేల్చెను. 1917తో కొత్త భవనదానములు నిలిచిపోయెను. 1911లో కార్నెగీ స్థాపించిన ధర్మసంస్థ పిమ్మట గ్రంథపాలకుల శిక్షణకును, వయోజన విద్యకును ధనము వెచ్చించెను. 1926లో ఏర్పడిన అమెరికా వయోజన విద్యాసంఘము ఆ ప్రోత్సాహముననే వెలసెను.

ఆ ధనపు పాయ యొకటి భారతదేశమునకును చేరెను. బ్రిటన్ నిమిత్తము కార్నెగీ 1913లో నెలకొల్పిన నిధి సాయముతో 1919లో లండను యూనివర్సిటీ కళాశాలయందు గ్రంథపాలక విద్యాశాఖ ప్రారంభమయ్యెను. 1924లో మద్రాసునుండి పోయి అక్కడ శిక్షణ పొందినవాడే ఎస్. ఆర్. రంగనాథన్. ఆయన కృషి ఫలముగా 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టము వచ్చెను. ఆనాడు ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రములోనివే. ఆ చట్టమును, 1960లో ఆంధ్రప్రదేశమున వచ్చిన చట్టమును ప్రజల పన్నులో కొంత గ్రంథాలయ సుంకముగా ప్రత్యేకించినవి.

కార్నెగీ 1919వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన మసాచూసెట్స్ రాష్ట్రమున లెనాక్స్‌లో దివంగతుడయ్యెను. అప్పటికి దాదాపు 35 కోట్ల డాలర్లు దానము చేసియుండెను. ఆయన జీవితపు లెక్కను కూడినచో జమవైపున వేలకొలది తలుపులు తెరచిన పుస్తకశాలలు కనబడును. ఖర్చువైపున హోమ్‌స్టెడ్ నదీతీరమును, కొలిమియొద్ద కరగిపోయిన కార్మికుల సాయంకాలములును కనబడును. ఒకటి రెండవదానిని కొట్టివేయదు.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయ మెక్కడ నున్నను అది ఈ రెండు పాఠములను దాటివచ్చినదే. ఏటేట చందా చెల్లించినవారు, సాయంకాలము తలుపు తెరచి దీపము వెలిగించినవారు ఉండబట్టియే అది నిలిచినది. పొలమునుండి, మగ్గమునుండి, అంగడినుండి వచ్చినవానికి ఒక గడియ తీరిక మిగులబట్టియే అందలి పుస్తకము తెరువబడినది. భవనమును ఎవరైనను ఒక్కసారి ఇయ్యవచ్చును. ఆ తీరికను, ఆ వెలుగును మాత్రము ఊరు ప్రతిదినము తనకు తానే ఇచ్చుకొనవలెను.