కంచెర్ల గోపన్న చరిత్రము

అశ్వారావుపేట తన పేరులోనే పాల్వంచ సంస్థానము నేలిన అశ్వారాయ వంశీయులను నిలుపుకొనియున్నది. ఊరికి దొరపేరు తగుల్కొనుట మన దేశమున క్రొత్త కాదు. పేరుతోపాటు ఊరు సయితము తమ యింటి సొత్తేయను తలంపు దొరలకును, అది న్యాయమేయను తలంపు ప్రజలకును కుదురుకొనుటయే చిక్కు. ఆ దొరల కథ యటుండనిండు. అదే పాల్వంచ పరగణాకు పదునేడవ శతాబ్దమున తహసీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న చరిత్రమును మేమిచట విచారింపనెంచితిమి. రామదాసుగా ఆయన నెఱుగని తెలుగిల్లు లేదు. మేమును ఆయన కీర్తనలు వినుచు పెరిగినవారమే గాన, నిందకై యీ రచనకు పూనుకొనలేదని చదువరులు గ్రహింతురుగాక.

గోపన్న నేలకొండపల్లిలో లింగన్నకును కామాంబకును జన్మించెను. 1672లో అబుల్ హసన్ కుతుబ్ షా, అనగా మన తానీషా, గోలకొండ సింహాసన మెక్కెను. కొలదికాలములోనే మాదన్న ప్రధానియై, సోదరుడగు అక్కన్నతో గూడి రాజ్యభారము వహించెను. గోపన్న వారికి మేనల్లుడని ప్రతీతి. పాల్వంచ కొలువు ఆయనకా బంధుత్వమువలననే దక్కినదందురు. ఇందు వింతపడువారు లేరు. మేనమామ మంత్రియైనచో మేనల్లునికి కొలువు రాకుండుటయే ఆ కాలమున వింత. ఆ కాలమున మాత్రమేల? 1984లో గ్రామాధికారుల పదవులు రద్దగువఱకు మన పల్లెలలో కరణీకము తండ్రి నుండి కొడుకునకు పొలముతోపాటు సంక్రమించు ఆస్తివలెనే చెల్లుబడియయ్యెను. ఆ యిండ్ల పిల్లలు లెక్కల పుస్తకమును తాతగారి పుస్తకమనియే యెంచి పెరిగిరి. కష్టపడి సంపాదింపనిది కష్టములేకయే తనదగునని పసితనముననే నేర్చినవానికి, పెద్దవాడైన పిదప పరుల సొమ్మునకును తన సొమ్మునకును నడుమనున్న గీటు కానరాదు.

తహసీలుదారుని పని శిస్తు వసూలుచేసి ఖజానాకు పంపుట. ఆ శిస్తు ఎవరి కష్టము? గోదావరి యొడ్డున పైరు పెట్టినవారిది, అడవినంటి దున్నుకొని బ్రదికినవారిది. భద్రాచలమున జీర్ణస్థితిలోనున్న రాముని గుడిని చూచి గోపన్న మనసు కరగెను. మొదట ప్రజలు తమకు తోచినది ఇచ్చిరని కథ చెప్పును. అది చాలకపోగా ఆయన సర్కారు పైకమునే వెచ్చించెను. గుడి లేచినది, ప్రాకారములు లేచినవి, సీతమ్మకును లక్ష్మణునికిని భరతునికిని నగలు కుదిరినవి. ఆ పైకము ఆరు లక్షల వరహాలని లోకమున వాడుక.

ఇందు గోపన్న తనకై యొక కాసు ముట్టలేదు. ఆయన నిర్దోషియని వాదించువారందఱును ఈ మాటనే యెత్తుదురు. మాకు మాత్ర మీ మాటయే భయము గొలుపుచున్నది. తన భోగమునకై తీసికొనువాడు దొంగతనమని యెఱుగును, ఎఱిగి సిగ్గుపడును. మంచిపనికై తీసికొనువానికి ఆ సిగ్గు సయితముండదు. అధికారము తన మేనమామలది, ఉద్దేశము పుణ్యమైనది. ఇక అడుగవలసిన పనియేమని ఆయనకు తోచియుండును.

తానీషా ఆయనను గోలకొండ కోటలో నిర్బంధించెను. పండ్రెండేండ్లు చెఱలోనుండెనని ప్రసిద్ధి. మేనమామలు కొలువిప్పించిరేకాని చెఱ విడిపింపలేకపోయిరి. ఇంటివారి పరపతిని నమ్మి మెలగినవాని భార్యాబిడ్డలు పడిన పాటులను కథకులు రెండు మాటలతో ముగించిరి.

ఆ చెఱలోనే ఆయన కీర్తనలనేకము పుట్టెను. అందొకదానిలో ఆయన తాను చేయించిన నగలను ఒక్కొక్కటిగా, వాని వెలలతో, రామునికి లెక్కచెప్పి, ఇవి నీ తండ్రి యిచ్చినవా, మామ పంపినవా యని నిలదీయును. పిదప దెబ్బల బాధకోర్వలేక యన్న మాటలని క్షమింపవేడును. దానిని విన్నప్పుడెల్ల మాకొక్కటే తోచును. ఆ ప్రశ్న నడుగుటకు అసలు హక్కుగలవాడు శిస్తు కట్టిన రైతు, అడుగవలసినది తహసీలుదారుని. తాను జవాబు చెప్పవలసిన ప్రశ్ననే ఆయన దేవుని యెదుట బెట్టెను. పరుల సొమ్ము తనదనుకొనినవానికి, అది చేజారినపుడు తానే మోసపోయితినని తోచుట సహజము.

ఇక ఆ మేనమామల గతి. 1686లో అక్కన్న మాదన్నలను వారి శత్రువులు గోలకొండలో హత్యచేయించిరి. బంధువులతో నింపిన కొలువులు వారిని కాపాడలేదు. మరుసటి యేడు, 1687లో, ఔరంగజేబు గోలకొండను గెలిచి తానీషాను చెఱబట్టెను.

గోపన్న విడుదలను గూర్చిన కథ జగద్విదితము. రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేర తానీషాకడకు వచ్చి, బాకీ పూర్తిగా చెల్లించి, రసీదు గైకొనిరట. దీనిని నమ్ముటయు మానుటయు చదువరుల యిష్టము. మేము గమనించినదేమనగా, కథ కల్పించినవారు సయితము బాకీ మాఫీయైనదని చెప్పుటకు సాహసింపలేదు. దేవుడైనను పైకము లెక్కించి కట్టవలసివచ్చెను. ఆ పైకము ఖజానా చేరెను. పాల్వంచ రైతునకు దానిలో నొక్క వరహాయైన తిరిగివచ్చినట్లు మేము వినిన కథ యేదియు చెప్పదు.