నంబర్ల మధ్య నలిగిన గొంతు

కారెన్ కార్పెంటర్ పాడిన పాటల్లో అన్నిటికన్నా మంచిది ఏది? ఆమె అభిమానులు ఇద్దరు కలిస్తే ఈ ప్రశ్న రాకుండా ఉండదు. వస్తే తేలకుండానూ ఉండదంటారా? అబ్బే, తేలదు! ఒకరు 'సూపర్‌స్టార్' అంటే ఇంకొకరు 'రెయినీ డేస్ అండ్ మండేస్' అంటారు. ఆమె కన్నుమూసి నలభై ఏళ్లు దాటినా ఆ వాదన అలాగే సాగుతోంది.

ఆ పాటల వెనకున్న అమ్మాయి మాత్రం ముప్పై మూడో పుట్టినరోజు చూడలేదు. చేతినిండా డబ్బు, ప్రపంచమంతా పేరు, ఇంటినిండా తినడానికి అన్నీ ఉండి కూడా, తిండి మానుకుని చనిపోయింది.

డ్రమ్ముల వెనక అమ్మాయి

కారెన్ 1950 మార్చి 2న అమెరికాలోని న్యూ హేవెన్‌లో పుట్టింది. అన్న రిచర్డ్ ఆమెకంటే మూడేళ్లు పెద్ద. చిన్నప్పట్నుంచీ పియానో బాగా వాయించేవాడు. అతని సంగీతానికి అవకాశాలుంటాయని 1963లో ఆ కుటుంబం కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణానికి తరలిపోయింది.

హైస్కూల్లో కారెన్ బ్యాండులో చేరింది. ఆటల క్లాసు తప్పించుకోవడానికే చేరిందని చెబుతారు. అక్కడ ఆమె కన్ను డ్రమ్ముల మీద పడింది. ఆడపిల్లలు డ్రమ్ములు వాయించడం అప్పట్లో అమెరికాలోనూ వింతే! కానీ పట్టుబట్టి నేర్చుకుంది. 1966లో హాలీవుడ్ బౌల్‌లో జరిగిన బ్యాండ్ల పోటీలో అన్నాచెల్లెళ్ల బృందం గెలిచింది.

1969లో ఎ అండ్ ఎమ్ రికార్డు కంపెనీ వాళ్లను 'కార్పెంటర్స్' పేరుతో తీసుకుంది. మొదటి పాట పెద్దగా ఆడలేదు. మరుసటి ఏడాది వచ్చిన 'క్లోజ్ టు యు' నాలుగు వారాలపాటు మొదటి స్థానంలో నిలిచింది. కారెన్‌కి అప్పుడు ఇరవై ఏళ్లే.

మూడు ఒకట్లు, అయిదు రెండ్లు

అటొక పాట, ఇటొక పాట ఉండే చిన్న రికార్డును అక్కడ సింగిల్ అనేవారు. బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం సింగిల్స్‌కి వరస ప్రకటించేది. మనవాళ్లు బినాకా గీత్‌మాలా కోసం రేడియో చుట్టూ చేరినట్టే అక్కడివాళ్లు ఆ వరస కోసం ఎదురుచూసేవారు.

ఆ వరసలో కార్పెంటర్స్ పాటలు మూడు మొదటి స్థానానికి వెళ్లాయి. 1970లో 'క్లోజ్ టు యు', 1973లో 'టాప్ ఆఫ్ ద వరల్డ్', 1975లో 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్'. మరో అయిదు పాటలు రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయాయి. అభిమానుల బాధంతా ఈ అయిదింటి గురించే! 1971లో 'రెయినీ డేస్'కి కరోల్ కింగ్ పాట అడ్డొచ్చింది. అదే ఏడాది 'సూపర్‌స్టార్'కి రాడ్ స్టూవర్ట్ పాట అడ్డొచ్చింది. మొదటి స్థానం రాకపోయినా మొదటి పాటలు ఇవేనని వాదించేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు.

ఒక్కో పాటకీ ఒక్కో కథ. రెండో స్థానానికి వచ్చిన 'వుయ్‌వ్ ఓన్లీ జస్ట్ బిగన్' నిజానికి ఓ బ్యాంకు ప్రకటన కోసం పుట్టింది. రిచర్డ్ దాన్ని టీవీలో విని పూర్తి పాట ఉందా అని రచయితను అడిగాడు. ఆ తర్వాత అది ఎన్నో వేల పెళ్లిళ్లలో మోగింది. 'టాప్ ఆఫ్ ద వరల్డ్'ని మొదట ఆల్బమ్‌లో ఒక పాటగానే ఉంచేశారు. శ్రోతలకు అది తెగ నచ్చడంతో ఏడాది తర్వాత సింగిల్‌గా తెచ్చారు. 'గుడ్‌బై టు లవ్'లో గిటారు గట్టిగా గర్జించిందని కొందరు అభిమానులు కోపంగా ఉత్తరాలు రాశారు. ఇప్పుడు అదే గిటారు కోసం ఆ పాటను పై వరసలో పెట్టేవాళ్లున్నారు!

ముందుకు రమ్మన్నారు

కారెన్ తనను తాను పాట కూడా పాడే డ్రమ్మర్‌గానే అనుకునేది. కానీ ఇంత గొంతున్న పిల్ల డ్రమ్ముల వెనక కనిపించకుండా కూర్చుంటే ఎలా అని చుట్టూ ఉన్నవాళ్లు ఒత్తిడి తెచ్చారు. ఇష్టం లేకపోయినా మైకు ముందుకు వచ్చి నిలబడింది. 1975లో ఓ మగవాళ్ల పత్రిక పాఠకులు ఓట్లేసి ఆమెను ఆ ఏటి మేటి రాక్ డ్రమ్మర్‌గా ఎన్నుకున్నారు. లెడ్ జెప్లిన్ బృందంలోని జాన్ బోనమ్ అంతటివాడు ఆమె వెనకే నిలిచాడు. అయితే అప్పటికి ఆమె డ్రమ్ముల దగ్గర కూర్చునేది తక్కువే.

డ్రమ్ములు ఉన్నప్పుడు అందరూ ఆమె వాయింపు విన్నారు. ముందుకు వచ్చాక ఆమె ఒంటిని చూడటం మొదలెట్టారు. తను లావుగా ఉన్నానన్న బెంగ ఆమెకు హైస్కూలు రోజులనుంచే ఉంది. వేదిక మీద, ఫొటోల్లో తనను చూసుకుంటూ అది పెరిగింది. తిండి తగ్గించింది. మొదట్లో సన్నబడ్డావని మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. 1975 వచ్చేసరికి మనిషి చిక్కిశల్యమైంది. బ్రిటన్ పర్యటన రద్దు చేసుకోవాల్సి వచ్చింది.

తనకంటూ ఒక్క రికార్డు

1979లో రిచర్డ్ నిద్రమాత్రల అలవాటుకు చికిత్స తీసుకున్నాడు. ఆ ఖాళీలో కారెన్ న్యూయార్క్ వెళ్లి మొదటిసారి తన ఒక్కదాని పేరుతో ఆల్బమ్ పాడింది. కంపెనీకీ అన్నకీ అది నచ్చలేదు. 1980లో దాన్ని పక్కన పెట్టేశారు. అది బయటికి వచ్చింది 1996లో. చూసుకోవడానికి ఆమె లేదు.

1980 ఆగస్టులో పెళ్లి చేసుకుంది. కొద్దికాలానికే ఆ కాపురం చెడింది. 1982లో న్యూయార్క్‌లో ఉండి నెలల తరబడి చికిత్స చేయించుకుంది. ఆస్పత్రిలో నరాల ద్వారా ఆహారం ఎక్కించారు. కాస్త కోలుకుని ఇంటికి వచ్చింది. కానీ ఏళ్ల తరబడి మాడిన గుండె తట్టుకోలేకపోయింది. 1983 ఫిబ్రవరి 4న డౌనీలో తల్లిదండ్రుల ఇంట్లోనే కుప్పకూలింది. వయసు 32.

ఆ జబ్బు పేరు అనొరెక్సియా నర్వోసా. అప్పటికి డాక్టర్లకు తప్ప మామూలు జనానికి పెద్దగా తెలియదు. ఇంట్లోవాళ్లకు ప్రేమ లేక కాదు, అది మొండితనం కాదు జబ్బు అని తెలియక చెయ్యి జారిపోయింది. కారెన్ మరణంతోనే ఆ పేరు ఇంటింటికీ తెలిసింది. ఎంతోమంది తల్లిదండ్రులు తమ పిల్లల కంచాలవైపు అప్పుడు చూశారు.

ఆమె వేసుకున్న మార్కు

అభిమానుల వాదన సంగతి సరే, మరి కారెన్‌కి ఏ పాట ఇష్టం? 1976లో వచ్చిన 'ఐ నీడ్ టు బి ఇన్ లవ్' అని రిచర్డ్ చెప్పాడు. అమెరికాలో అది ఇరవై అయిదో స్థానం దాటలేదు. కానీ 1995లో జపాన్‌లో ఓ టీవీ సీరియల్‌లో వాడితే అక్కడి కుర్రకారు ఎగబడి కొన్నారు. ఆమె వేసుకున్న మార్కుకు లోకం దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఒప్పుకున్నట్టయింది.

మన ఇళ్లలోనూ పిల్లలకు వరసలకేం తక్కువ? మార్కుల్లో వరస, రంగులో వరస, ఇప్పుడు ఒంటి బరువులోనూ వరస. ఎదిగే అమ్మాయి ఏదో ఒక సాకుతో భోజనం తప్పిస్తున్నా, తిన్నానని అబద్ధమాడుతున్నా, బక్కచిక్కి కూడా లావైపోయానని ఏడుస్తున్నా మెచ్చుకోకండి, తిట్టకండి. దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడండి, డాక్టరుకి చూపించండి. తొందరగా గుర్తిస్తే ఇది నయమయ్యే జబ్బే.

కారెన్ పాటల్లో ఏది ముందో మీరూ విని తేల్చుకోండి. ఏది పెట్టినా తప్పు లేదు, అన్నిట్లోనూ ఉన్నది ఆ గొంతే.