చెంగలరాయ రెడ్డిగారు

విధానసౌధమును జూచినవారికి కెంగల్ హనుమంతయ్యగారి పేరు స్ఫురించుట సహజమే. కాని 1951 జూలైలో నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేసినప్పుడు మైసూరు ముఖ్యమంత్రి కోలారు జిల్లా క్యాసంబళ్ళికి చెందిన చెంగలరాయ రెడ్డిగారు.

1902లో జన్మించి, న్యాయశాస్త్రమున పట్టము పొందిన రెడ్డిగారు కక్షిదారుల వ్యాజ్యములకంటె ప్రజల వ్యాజ్యమునే నెత్తికెత్తుకొనిరి. 1930లో ప్రజాపక్షమును స్థాపించి, పిదప కాంగ్రెసున జేరిరి. దేశము స్వతంత్రమైనను మైసూరున దివాను పాలనయే సాగుచుండుటచే 1947 సెప్టెంబరులో మైసూరు చలో ఉద్యమమును నడపి చెరసాల కేగిరి. అక్టోబరులో రాజీ కుదిరినది. రెడ్డిగారే తొలి ముఖ్యమంత్రి యైరి.

న్యాయవాదులు గమనింపదగిన విశేష మిచ్చట గలదు. ప్రజామంత్రివర్గ మేర్పడినను దివాను పదవి తొలగలేదు. ఆర్కాటు రామస్వామి మొదలియారుగారు 1949 వరకు మహారాజునకును మంత్రులకును నడుమ నుండిరి. ఎవరి యధికారముపై పోరాడిరో వారితోనే రెడ్డిగారు కూర్చుండి రాజ్యము నడపవలసి వచ్చెను. కయ్యమునకు దిగుట సులభము, చప్పట్లును దొరకెడివి. ఆయన దిగలేదు. దీనిని మెతకదన మనుట మాకు సమ్మతము కాదు. 1950లో భారత రాజ్యాంగము అమలగువరకు సంస్థానము కుదురుగా సాగుటకు ఈ యోర్పు కొంత కారణము.

1952లో పదవి హనుమంతయ్యగారికి సంక్రమించెను. రెడ్డిగారు ఢిల్లీలో ఉత్పత్తి శాఖను, తరువాత వాణిజ్య పరిశ్రమల శాఖను నిర్వహించి, మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండి, 1976లో గతించిరి.