మనం మరువరాని మహనీయుడు ఎల్లాప్రగడ సుబ్బారావు

మందుబిళ్ళ చేతిలోకి రాగానే మాధవరం హాస్టల్ విద్యార్థులమైన మేము తలచుకోవలసిన తెలుగువాడు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పేద ఇంట పుట్టారు. స్ప్రూ వ్యాధికి సోదరులను పోగొట్టుకున్నారు. దాతల సాయంతో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన ఆధ్వర్యంలో డగ్గర్ కనుగొన్న తొలి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు.

తర్వాత క్రిములు మందులకు ఎదురుతిరిగాయి. ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. చుట్ట చేరిన సాల్మొనెల్లా మందుకు లొంగకపోవచ్చు. కొన్ని ప్లాస్మిడ్లు క్రిమిని చంపే ఫేజ్ వైరస్‌లనూ అడ్డుకుంటాయి. ఏ ఫేజ్‌కు చస్తుందో చూసి రకం తేల్చే పరీక్షలో అప్పుడు పాత క్రిమే కొత్త రకంగా కనబడుతుంది.

కావున తమ్ముళ్ళారా, డాక్టరు చెప్పనిదే యాంటీబయాటిక్ మింగవద్దు. చెప్పినన్ని రోజులూ మానవద్దు. ఆయనకు మనమిచ్చే నివాళి అదే.