తీగలో తప్పు వెతికిన హెవిసైడ్

మొన్న సెలవులకు గోదావరిఖనిలో ఇంటికి పోతే నెట్ నత్తనడక. వైఫై కాదు, లాన్ కేబులే. కంప్యూటర్‌లో లింక్ స్పీడ్ చూస్తే 1000 ఉండాల్సిన చోట 100 ఎంబీపీఎస్! ఇంకో కేబుల్ పెట్టగానే 1000కి వచ్చింది. పాతదాన్ని విప్పితే, తలుపు సందులో నలిగి ఒక తీగ తెగింది. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. అందుకే నెట్ ఆగిపోలేదు, నెమ్మదించింది.

అప్పుడు గుర్తొచ్చినవాడు ఆలివర్ హెవిసైడ్. మనం ట్రాన్స్‌మిషన్ లైన్స్ ఫార్ములాలు బట్టీ పడతాం, వాటి వెనకున్న మనిషిని మాత్రం వదిలేస్తాం.

1850 మే 18న లండన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు స్కార్లెట్ ఫీవర్ వచ్చి, కొంత చెవుడు మిగిలింది. పదహారేళ్లకే బడి మానేశాడు. కాలేజీ గడప తొక్కలేదు. మన ల్యాబ్‌లో బ్రిడ్జి ఉంది చూడండి, ఆ వీట్‌స్టన్ ఈయన తల్లి తోబుట్టువుకు భర్త. 1868లో టెలిగ్రాఫ్ ఉద్యోగంలో చేరాడు. ఇంగ్లండ్–డెన్మార్క్ సముద్రపు కేబుల్ మీద ఒక వింత చూశాడు. ఒకవైపు సంకేతాలు చకచకా పోతాయి, ఎదురువైపు మందకొడిగా వస్తాయి. కేబుల్ ఒక్కటే కదా మరి? లెక్కగట్టి చూస్తే, రెండు చివర్లలో నిరోధాలు సమానంగా లేకపోవడమే కారణమని తేలింది.

1874లో ఉద్యోగం వదిలేసి, తల్లిదండ్రుల దగ్గరే ఉంటూ మాక్స్‌వెల్ గ్రంథం ముందేసుకున్నాడు. (మా కాలనీలో అయితే రోజుకో పెద్దాయన వచ్చి క్లాసు పీకేవాడు.) మనం నాలుగు సమీకరణాలుగా రాసుకునే మాక్స్‌వెల్ సిద్ధాంతానికి ఆ రూపం తెచ్చినవాళ్లలో ముందువాడు ఈయనే. 1880లో కోయాక్సియల్ కేబుల్‌కు పేటెంట్ తీసుకున్నాడు.

అసలు గొడవ 1887లో. తీగలో ఇండక్టెన్స్ శత్రువని అప్పటి తపాలా శాఖ పెద్ద ఇంజనీరు ప్రీస్ నమ్మకం. హెవిసైడ్ లెక్క అడ్డం తిరిగింది: తగినంత ఇండక్టెన్స్ కలిపితేనే మాట రూపు చెడకుండా దూరం పోతుందని. అదే శాఖలో పనిచేసే అన్న ఆర్థర్‌తో కలిసి రాసిన పేపర్‌ను ప్రీస్ అచ్చు కాకుండా ఆపేశాడు. పదమూడేళ్లకు అమెరికాలో ప్యూపిన్ లోడింగ్ కాయిల్ పేటెంట్ పొందాడు, ఏటీ అండ్ టీ దాన్ని భారీ సొమ్ముకు కొనుక్కుంది. దారి చూపినవాడి చేతికి పైసా రాలేదు.

1891లో రాయల్ సొసైటీ సభ్యత్వమిచ్చింది. 1894లో మిత్రులు సహాయనిధి ఏర్పాటు చేస్తే, దానం అక్కర్లేదని తిప్పికొట్టాడు. 1896లో ఏడాదికి 120 పౌండ్ల ప్రభుత్వ పింఛనుకు మాత్రం ఎలాగో ఒప్పించారు. చివరి ఏళ్లు టార్కీలో ఒంటరిగా గడిపాడు. 1925 ఫిబ్రవరి 3న చనిపోయాడు.